పుటయంచులు

తాళపత్రముల కాలమున పుటపరిమాణమును తాటిచెట్టే నిర్ణయించెడిది. త్రాడు దూర్చు రంధ్రముచుట్టును లేఖకుడు చోటు విడువక తీరెడిది కాదు. కాగితము వచ్చిన పిమ్మట కొలత మనుష్యుని చేతిలోనికి వచ్చినది. దానివెంట లోభమును వచ్చెను.

1786లో జర్మను పండితుడు లిఖ్టెన్‌బెర్గు, నడుమకు మడిచినను నిడివి వెడల్పుల నిష్పత్తి మారని కాగితమును గూర్చి యొక లేఖలో వ్రాసెను. 1922లో పోర్‌స్ట్‌మను దానిని జర్మనీకి ప్రమాణముగా రూపొందించెను. నేడు మనము వాడు ఏ4 పత్రము, 210 మిల్లీమీటర్ల వెడల్పు, 297 నిడివి, ఆ వంశములోనిదే. పెద్దపుటను సగమునకు తగ్గించినను అక్షరములతోపాటు అంచులును పొంకము చెడక నిలుచుట దీని గొప్పతనము.

కాని కాగితపు కొలత యంచుల వెడల్పును శాసింపదు. అది ముద్రాపకుని వివేకము. మా యొద్దనున్న యొక వ్యాకరణమున, పుటలసంఖ్య తగ్గించుటకై లోపలియంచును కుదించిరి. ఎడమపుటలలో పంక్తుల తుదియక్షరములు కుట్టులో మునిగినవి. బాలురు విభక్తిప్రత్యయములను ఊహించి చదువుచున్నారు.