సున్నా వేరు, లేకపోవడం వేరు

మీ మార్కుల జాబితాను ఒకసారి గుర్తుచేసుకోండి. అందులో సున్నా అంటే పరీక్ష రాసినా మార్కులు రాలేదని అర్థం. 'గైర్హాజరు' అంటే పరీక్షే రాయలేదని. కాగితం మీద ఈ తేడా చూపడానికి ఒక్క మాట చాలు. అంకెలు మాత్రమే పట్టే గడిలో కంప్యూటర్ దీన్ని ఎలా చూపాలి? ప్రోగ్రామింగ్ భాషల చరిత్రలో ఈ ప్రశ్నకు వచ్చిన జవాబులను ఇక్కడ పరిశీలిద్దాం.

1. సంకేత సంఖ్యలు

-1, 999 వంటి సంఖ్యను 'విలువ లేదు' అనడానికి గుర్తుగా వాడటం పాత పద్ధతి. ఆ సంగతి తెలియని ప్రోగ్రామ్ 999ని కూడా మార్కులుగానే కూడేస్తుంది.

2. హోర్ నిర్ణయం

1965లో టోనీ హోర్ ఆల్గాల్ డబ్ల్యూ భాషకు రిఫరెన్సులను రూపొందించారు. రిఫరెన్సు అంటే మెమరీలో ఒక వస్తువు ఎక్కడుందో తెలిపే విలువ. వాటి వాడకం పూర్తిగా సురక్షితంగా ఉండాలని, ఆ తనిఖీ కంపైలరే చేయాలని ఆయన లక్ష్యం. అయినా దేనినీ సూచించని 'నల్' రిఫరెన్సును చేర్చారు. అమలు చేయడం సులువు కావడమే కారణం. వస్తువు ఉందనుకొని వాడబోయిన ప్రోగ్రామ్ నల్ ఎదురైతే ఆగిపోతుంది. 2009లో లండన్ సమావేశంలో ఆయనే దాన్ని వంద కోట్ల డాలర్ల తప్పుగా వర్ణించారు.

3. డేటాబేసుల్లో నల్

1970లో రిలేషనల్ నమూనాను ప్రతిపాదించిన ఇ.ఎఫ్. కాడ్, తరువాతి రచనల్లో మూడు విలువల తర్కాన్ని వివరించారు: నిజం, అబద్ధం, తెలియదు. ఎస్‌క్యూఎల్‌లో దీని ఫలితం చూడండి. ముగ్గురిలో ఇద్దరికి 60 చొప్పున మార్కులు వచ్చాయి, మూడో విద్యార్థి గైర్హాజరు. ఆ గడిలో సున్నా వేస్తే సగటు 40. నల్ ఉంచితే 60. ఇప్పుడు 35 లోపు వచ్చినవారిని అడగండి, ఆపైన 35, అంతకు మించి వచ్చినవారిని అడగండి. మూడో విద్యార్థి రెండు జాబితాల్లోనూ కనిపించడు! నల్‌ను దేనితో పోల్చినా జవాబు 'తెలియదు' కనుక, విడిగా అడిగితే తప్ప అతని ఉనికే మనకు తెలియదు.

4. చెల్లని ఫలితం

సున్నాను సున్నాతో భాగిస్తే వచ్చేది మరో రకం సమస్య. 1985 నాటి ఐఈఈఈ 754 ప్రమాణం దీనికి 'నాన్' అనే విలువను నిర్ణయించింది. అది తనతో తానే సమానం కాదు.

5. రకంలోనే హెచ్చరిక

ఎంఎల్, హాస్కెల్ భాషలు 'విలువ ఉండవచ్చు, లేకపోవచ్చు' అనే సంగతిని డేటా రకంలోనే చెప్పించాయి. 2014లో వచ్చిన స్విఫ్ట్ ఇదే దారి పట్టింది. విలువ లేని సందర్భాన్ని మరచిపోతే కంపైలరే గుర్తుచేస్తుంది. హోర్ మొదట కోరుకున్నది ఇలాంటి తనిఖీనే.

ఖాళీ గడి కూడా ఒక సమాచారమే. దాన్ని ఎలా నమోదు చేస్తామన్న దానిపై ఒక మనిషి లెక్కలోకి రావడం, రాకపోవడం ఆధారపడి ఉంటుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. పై ఉదాహరణలో 40, 60 సగటులలో ఏది సరైనది? మీ జవాబు ఏ ప్రశ్నపై ఆధారపడుతుంది?
2. 'గైర్హాజరు', 'ఇంకా మూల్యాంకనం కాలేదు' అనే రెండింటినీ ఒకే నల్‌తో సూచిస్తే ఏ సమాచారం పోతుంది?