రీలులో మిగిలిన ఫ్రేములు

చీకటి పడగానే ఆ కుర్రాడు స్టూడియో తలుపుకు లోపల గడియ పెట్టుకున్నాడు. పగలంతా వచ్చేవాళ్ళు వస్తూనే ఉన్నారు. పాస్‌పోర్టు ఫోటోకని ఒకరు, చంకలో బిడ్డతో ఒక తల్లి. ఫోటోలు తెల్లారేసరికి ఇస్తానని మాటిచ్చాడు, రీలు ఈ రాత్రే కడగాలి. అందులో ఇంకా కొన్ని ఫ్రేములు మిగిలే ఉన్నాయి. వాటిని ఊరికే పోనివ్వడానికి మనసొప్పలేదు. ఆ బాధేమిటో మన పాత స్టూడియోల వాళ్ళకు చెప్పనక్కర్లేదు.

దర్జీ చేత కుట్టించుకున్న బెల్‌బాటమ్ తొడుక్కున్నాడు. ఎత్తు మడమల బూట్లు వేసుకున్నాడు, నల్లద్దాలు పెట్టుకున్నాడు. అది దేశాన్ని నియంత బొకాసా ఏలుతున్న కాలం. బిగుతు బట్టలతో వీధిలోకి వెళ్తే ముప్పే. ఈ నాలుగ్గోడల మధ్య అడిగేవాడెవడు? కెమెరాకు టైమర్ పెట్టి, పరదా ముందుకు పరుగెత్తి, నడుం మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. క్లిక్!

మధ్య ఆఫ్రికా రిపబ్లిక్ రాజధాని బాంగీలో 1975లో తన స్టూడియో తెరిచేనాటికి ఆ కుర్రాడికి, అంటే శామ్యూల్ ఫోసోకు, పదమూడేళ్ళు.

అద్దంలో తనను చూసుకుని మురిసే వయసు సరదాలే ఇవన్నీ అనిపిస్తుంది. కానీ దీని వెనక అసలు తియ్యనే తియ్యని ఫోటో ఒకటుంది. ఫోసో కామెరూన్‌లో పుట్టిన ఇగ్బో జాతి బిడ్డ. మూడో నెలలో పసివాడికి ఫోటో తీయించడం వాళ్ళ ఆనవాయితీ. వీడికి కాళ్ళూ చేతులూ సరిగా ఆడవు, ఫోటో దండగ అనుకున్నాడు తండ్రి. తల్లి బిడ్డను నైజీరియాలో వైద్యుడైన తాత దగ్గరికి చేర్చింది. ఆ తాత మందులతో వాడు లేచి నడిచాడు. తర్వాత నైజీరియాలో బియాఫ్రా అంతర్యుద్ధం వచ్చింది, అడవుల్లో దాక్కోవడం వచ్చింది. అమ్మ పోయింది. 1972లో చెప్పులు కుట్టే బంధువొకాయన వాడిని బాంగీకి తీసుకెళ్ళాడు.

మిగిలిన ఫ్రేముల్లో తీసుకున్న ఆ ఫోటోలు నైజీరియాలోని అవ్వకు వెళ్ళేవి. మనవడు బతికే ఉన్నాడు, నిటారుగా నిలబడ్డాడు, చూడు అవ్వా!

దాదాపు ఇరవయ్యేళ్ళు అవి బయటి కళ్ళకు కనబడలేదు. 1994లో మాలీలోని బమాకోలో జరిగిన మొదటి ఆఫ్రికన్ ఫోటోగ్రఫీ ఉత్సవంలో జనం వాటిని చూశారు. ఆ తర్వాత పిలుపులకు లోటు లేదు. 1997లో పారిస్ దుకాణం తాతీ కోసం చిరుతచర్మం కప్పుకుని, చేతిలో పొద్దుతిరుగుడు పూలతో కూర్చుని, వలసదొరలకు ఆఫ్రికాను అమ్మేసిన నాయకుడయ్యాడు. 2008లో మార్టిన్ లూథర్ కింగ్, కాంగో నేత లుముంబా, అమెరికా నల్లజాతి ఉద్యమకారిణి ఏంజెలా డేవిస్ అందరూ తానే అయ్యాడు. ఒంటినిండా బాణాలు గుచ్చుకున్న బాక్సర్ మహమ్మద్ అలీ కూడా తానే. మన పల్లెల్లో దేవుడి వేషం కట్టినవాడికి జనం ఆ పూట దండం పెడతారు. ఆ ఫోటోల ముందు నాకు కలిగేది అలాంటి భావమే.

అన్నిటికన్నా నన్ను కదిలించేది 2003 నాటి ఫోటోల వరుస. తన వైద్యం మనవడికి అబ్బాలని తాత కోరిక. మనవడు కెమెరా పట్టుకున్నాడు. తీరని ఆ కోరికకు రుణం తీర్చుకుంటున్నట్టు, తాత వేషం కట్టి తానే వైద్యుడిగా నిలిచాడు. తనను నడిపించిన చేతులను తన ఒంటి మీదికి తెచ్చుకున్నాడు.

2014 ఫిబ్రవరి. అంతర్యుద్ధంతో బాంగీ మంటల్లో ఉంది. ఫోసో దేశంలో లేడు. అల్లరిమూకలు అతని ఇల్లు దోచుకుపోయాయి. పనికొచ్చేవన్నీ పట్టుకుపోయాక, పనికిరావని విసిరేసినవి వాకిట దుమ్ములో పడున్నాయి. అటుగా వచ్చిన విదేశీ ఫోటో విలేఖరులు వాటిని చూశారు. వంగి ఒకదాన్ని ఏరి వెలుతురుకు పట్టుకుని ఉంటారు. అవి నెగెటివ్‌లు, వేల కొద్దీ. చుట్టూ భయం ఉన్నా, దొరికినన్ని ఏరి సంచుల్లో నింపుకున్నారు.