గుండ్లకమ్మ ఒడ్డున ఎవరు ఎవరిని ఎన్నుకున్నారు?

1878 జూలై 3న ఒంగోలుకు ఉత్తరాన, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. బాప్తిస్మమిచ్చిన బోధకులు ఆరుగురు. ఇద్దరు నీళ్లలో నిలబడితే మిగతావారు గట్టున సేదదీరి వంతులవారీగా దిగారు. ఆ జూన్ మధ్య నుంచి డిసెంబరు చివరిదాకా ఒంగోలు అమెరికన్ బాప్తిస్టు మిషన్‌లో చేరినవారు 9,606 మంది. ఇవి మిషన్ సొంత లెక్కలన్నది మరిచిపోకూడదు. అయితే ఈ రాకను ఇష్టపడనివారు కూడా దాని పరిమాణాన్ని పెద్దగా శంకించలేదు. వాదమంతా కారణం దగ్గరే.

సంఘాల్లో వినిపించే కారణం ఒకటి: దేవుడు తన జనాన్ని ముందే ఏర్పరచుకున్నాడు, వేళ వచ్చినప్పుడు పిలుచుకున్నాడు. 1854 జనవరి 1 తెల్లవారుజామున మిషనరీ లైమన్ జూయెట్ దంపతులు కొందరు తెలుగు విశ్వాసులతో కలిసి ఒంగోలు కొండమీద ప్రార్థించారు. ఆ ప్రార్థనకు జవాబే 1878 అని ఈ కథనం చెబుతుంది. సంఘాల బయట వినిపించే కారణం వేరు: 1876-78 ధాత కరువులో మిషన్ పని చూపించింది, గింజలు పెట్టింది, జనం వెళ్లారు.

రెండో వాదాన్ని ముందు పరీక్షిద్దాం. కరువు పనుల కింద బకింగ్‌హాం కాలువలో కొన్ని మైళ్ల తవ్వకాన్ని మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ కాంట్రాక్టుకు తీసుకున్నాడు. క్రైస్తవులే కాక ఇతరులూ వేల సంఖ్యలో ఆ పనిలోకి వచ్చారు. తిండి కోసం మతం మారుతున్నారన్న మాట రాకూడదని ఆయన ఏడాదికి పైగా బాప్తిస్మాలు ఆపేశాడు. సహాయం అందుతున్న కాలంలో తలుపు మూసి ఉంది, సహాయం ముగింపుకొచ్చాక తెరుచుకుంది. పైగా ఒంగోలు సంఘం 1867 జనవరి 1న ఎనిమిది మందితో మొదలై, కరువు ముదిరేనాటికే వేలల్లోకి చేరింది. కాబట్టి బియ్యం ఒక్కటే కారణమంటే ఈ కాలక్రమం ఒప్పుకోదు. కరువుకూ చేరికకూ సంబంధమే లేదనడం కూడా తొందరపాటే. కాలువ గట్టున నెలల తరబడి బోధకులతో కలిసి మెలిసి ఉన్న పరిచయం, ఆపదలో ఆదుకున్నారన్న నమ్మకం ఆ తరువాతి నిర్ణయంలో లేవని ఎవరు అనగలరు?

ఇక మొదటి వాదం. దైవ ఎన్నిక క్రైస్తవ లోకంలో పాత తగాదా. కొందరిని దేవుడు ఏ షరతూ లేకుండా ఎన్నుకున్నాడని 1618-19 నాటి డోర్ట్ సభ తీర్మానించింది. దేవుని కృపను మనిషి తోసిపుచ్చగలడన్న ఆర్మీనియస్ అనుచరులను ఆ సభ ఖండించింది. అమెరికన్ బాప్తిస్టుల్లో బాగా చెల్లుబాటైన 1833 న్యూ హాంప్‌షైర్ విశ్వాస ప్రకటన కొంత మెత్తబడి, ఎన్నికను నిలుపుకుంటూనే అది మనిషి స్వేచ్ఛకు అడ్డం కాదంది. ఈ చర్చంతా ఒక్కో ఆత్మ గురించి. ఒంగోలు చుట్టుపక్కల జరిగింది మాత్రం పల్లెల కదలిక. అక్కడ నిర్ణయం పెద్దలు కూర్చుని మాట్లాడుకున్నాక, బంధుత్వాల దారిలో సాగింది.

ఆ దారి వేసినవాడు క్లౌ కాదు, యెర్రగుంట్ల పేరయ్య. తాళ్లకొండపాడుకు చెందిన మాదిగ, తోళ్ల వ్యాపారి, అంతకుముందే రాజయోగ సాధకుడు. వ్యాపారం మీద ఉత్తరానికి వెళ్లినప్పుడు ఏలూరులో ఒక మిషనరీ నోట క్రీస్తు మాట విన్నాడు. తరువాత 1866లో జూయెట్ చేత బాప్తిస్మం పొందాడు. క్లౌ ఒంగోలులో కాపురం పెట్టింది ఆ ఏడాది సెప్టెంబరులో. అంటే మిషనరీ బోధకుణ్ణి వెతుక్కోలేదు. బోధకుడే మిషనరీ కన్నా ముందు సిద్ధంగా ఉన్నాడు. తరువాత ఊరూరా తిరిగి తన వాళ్లతో మాట్లాడిందీ ఆయనే.

ఒంగోలు కథలో ఎన్నిక నేరుగా కనిపించే చోటు ఒకటుంది. మాదిగలను చేర్చుకుంటే తాము రామని పట్టణంలోని పై కులాలవారు చెప్పినప్పుడు క్లౌ ఎటూ తేల్చుకోలేకపోయాడట. అప్పుడు బైబిలు తెరిస్తే కొరింథీయులకు పౌలు రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయం కంటబడిందట. లోకం అల్పులుగా ఎంచినవారిని దేవుడు ఎన్నుకున్నాడని పౌలు చెప్పే భాగం అది. పక్క గదిలో భార్య హ్యారియెట్ కూడా అదే భాగం చదువుతోందని క్లౌ ఆత్మకథ చెబుతుంది. ఈ కథను ఆచితూచి వాడాలి. ఆత్మకథ అచ్చయింది 1914లో, ఆయన పోయిన నాలుగేళ్లకు. దాన్ని పూర్తిచేసింది రెండో భార్య ఎమ్మా రౌషెన్‌బుష్. సామాజిక సువార్త ఉద్యమ నాయకుడు వాల్టర్ రౌషెన్‌బుష్‌కు ఆమె స్వయానా అక్క. దశాబ్దాల తరువాతి జ్ఞాపకానికి ఆ ఆలోచన రంగు అంటి ఉంటుంది. అయినా ఒక సంగతి గట్టిగా నిలుస్తుంది: మిషన్ మాదిగలను వదులుకోలేదు, పై కులాలవారు పెద్ద సంఖ్యలో రాలేదు.

నా దృష్టిలో అసలైన ఆధారం గుండ్లకమ్మ నీళ్లలో కన్నా చేరినవారికి పెట్టిన మూడు నియమాల్లో ఉంది. ఆదివారం పనికి వెళ్లకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. వినడానికి చిన్నవే. కానీ ఊరి వెట్టికీ, జాతరలో డప్పుకూ, రైతుతో ఉన్న తోలు-గింజల లావాదేవీకీ ఇవి గురిపెట్టిన నియమాలు. పాటించినవారిని బావుల దగ్గరికి రానివ్వకపోవడం, పని ఇవ్వకపోవడం, కొట్టడం మిషన్ రచనల్లో మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. తిండి కోసమే వచ్చినవాడు ఉన్న తిండి పోగొట్టుకునే నియమానికి ఎందుకు తలొగ్గుతాడు? దేవుడు తోస్తే కొట్టుకొచ్చినవారే అయితే ప్రతి పల్లెలో అంత చర్చ ఎందుకు జరిగింది? పొగిడేవారూ తెగిడేవారూ ఒకే పొరపాటు చేస్తున్నారు. నీళ్లలో దిగినవారికి ఆలోచన ఉందని ఇద్దరూ ఒప్పుకోవడం లేదు.

ఎన్నిక ప్రశ్నకు ఇదే మైదానంలో వేరే సమాధానాలూ ఉన్నాయి. 1842 జూలై 31న గుంటూరు చేరిన మిషనరీ హేయర్ లూథరన్. రక్షణకు ఎన్నిక ఉంది గానీ నాశనానికి ఎన్నిక లేదన్నది 1577 నాటి లూథరన్ విశ్వాస పత్రం మాట. బాపట్ల ప్రాంతంలో వేళ్లూనిన సాల్వేషన్ ఆర్మీ రక్షణ అందరికీ తెరిచి ఉందంటుంది. ఇక చేబ్రోలు దగ్గరి కొత్తరెడ్డిపాలెంలో క్రైస్తవం నుంచి వచ్చిన కొన్ని మాదిగ కుటుంబాలు గత శతాబ్దం చివర్లో తాము ఇశ్రాయేలు ఎఫ్రాయిము గోత్రం వారమని ప్రకటించుకుని యూదు ఆచారాలు పట్టాయి. వారి మీద యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ 2013లో పుస్తకం రాశారు. వంశావళి వాదానికి చారిత్రక రుజువు దొరకడం కష్టమే. కానీ ఎన్నికైన జనం తామేనన్న మాటను వీరు ఎవరి నోటినుంచీ అరువు తెచ్చుకోకుండా తామే పలికారు.

ఇక క్రైస్తవుల ఇప్పటి లెక్కలు నమ్మదగ్గవి కావు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవంలోకి మారిన దళితులకు ఎస్సీ హోదా ఉండదు. 2011 జనగణనలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవులు దాదాపు 1.34 శాతమే. ఆ హోదా పోతుందన్న భయం వల్ల ఆదివారం ప్రార్థనకు వెళ్లే ప్రతివారూ కాగితం మీద క్రైస్తవులు కారని పల్లెల్లో అందరికీ తెలిసిందే.

మనకు మిగిలిన ఆధారాల్లో ఎక్కువ భాగం మిషనరీలు రాసినవే. చేరినవారి వైపు మాట పల్లె సంఘాల బాప్తిస్మ రిజిస్టర్లలో, ముసలివాళ్ల సాక్ష్యాల్లో ఉంది. మీ సంఘంలో అలాంటి పాత పుస్తకం ఉంటే, చెదలు పట్టకముందే నకలు తీయించి దగ్గరి గ్రంథాలయంలో ఒక ప్రతి ఉంచండి.