కత్తికి ముందు కాపలా

క్యాన్సరని తేలాక కూడా వైద్యం మొదలుపెట్టకుండా ఆగుదామనడం వినడానికి కటువుగానే ఉంటుంది. ప్రోస్టేట్ విషయంలో మాత్రం ఆ మాట శవపరీక్షల నుంచి పుట్టింది. 1935లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో వైద్యుడు ఆర్నాల్డ్ రిచ్ యాభై దాటిన 292 మంది మగవాళ్ల శవపరీక్షల వివరాలు చూస్తే, ఏడుగురిలో ఒకరి ప్రోస్టేట్‌లో క్యాన్సర్ ఉంది. వాళ్లలో చాలామందికి బతికుండగా ఆ సంగతే తెలియదు. 1980ల చివర్లో పీఎస్ఏ రక్తపరీక్ష వాడుకలోకి వచ్చాక, అలాంటి కణితులే బతికున్నవాళ్లలో బయటపడసాగాయి. దొరికిన ప్రతిదానికీ ఆపరేషనో రేడియేషనో ఆనవాయితీ అయింది. తమ ప్రాణం తీయని జబ్బుకు వైద్యం చేయించుకుని, మూత్రం ఆపుకోలేక, దాంపత్య సుఖానికి దూరమై ఎందరో మిగిలారు. ఆ నష్టం చిన్నదని నేననుకోను.

టొరంటోలో వైద్యుడు లారెన్స్ క్లాట్జ్ బృందం 1995లో మరో దారి పట్టింది. వేచి చూడటం అంతకుముందూ ఉంది. అయితే అది ఎక్కువగా వృద్ధులకు, బాధ మొదలయ్యాక ఉపశమనం ఇవ్వడానికే. ఈ కొత్త పద్ధతిలో పీఎస్ఏ, బయాప్సీ మళ్లీమళ్లీ చేస్తారు. ముదిరే గుర్తు కనబడితే, నయం చేసే వీలు ఉండగానే రంగంలోకి దిగుతారు. దీనికున్న యాక్టివ్ సర్వైలెన్స్ (చురుకైన నిఘా) అన్న పేరులోని అసలు బరువు ఆ ‘యాక్టివ్’ మీదే ఉంది. 2015లో ప్రకటించిన 993 మంది ఫలితాల్లో ఈ క్యాన్సర్‌తో పోయినవారు 15 మంది.

పక్కలో పామును పెట్టుకుని నిద్రపొమ్మంటారా అని అడిగేవాళ్ల భయం న్యాయమైనదే. బ్రిటన్‌లో 1,643 మందిని మూడు బృందాలుగా పంచి చేసిన ప్రొటెక్ట్ అధ్యయనంలో, పదిహేనేళ్లకు క్యాన్సర్ మరణాలు పర్యవేక్షణలో 3.1 శాతం, ఆపరేషన్‌లో 2.2, రేడియేషన్‌లో 2.9. తేడా స్వల్పమే. కానీ జబ్బు ఇతర భాగాలకు పాకడం పర్యవేక్షణలో 9.4 శాతం, ఆపరేషన్‌లో 4.7. దీన్ని దాటవేయకూడదు. అయితే అక్కడి పర్యవేక్షణ ప్రధానంగా పీఎస్ఏ మీదే ఆధారపడింది. ఇప్పటిలా ఎమ్మారై చూసి మనుషుల్ని ఎంచలేదు, తక్కువ ప్రమాదం కానివాళ్లూ అందులో ఉన్నారు. కాబట్టి ఆ అంకెలు తప్పుపట్టేది కాపలాను కాదు, కాపలా పలచబడటాన్ని. అయినా ఆ పర్యవేక్షణ బృందంలో దాదాపు నలభై శాతం మంది పదిహేనేళ్లలో ఆపరేషన్ గానీ రేడియేషన్ గానీ చేయించుకోలేదు.

అందుకే, కణితి ఎంత దూకుడైనదో చెప్పే గ్లీసన్ స్కోరు 6 దగ్గర ఉన్న చిన్న కణితికి ఈ దారి సరైనదని నమ్ముతాను. ఎముకలకు పాకాక ఆసుపత్రికి వచ్చేవాళ్లకు ఇది వర్తించదు. మన దగ్గర అలాంటివాళ్లు చాలామందే. దూరమనో ఖర్చనో రెండో బయాప్సీకి రాలేని మనిషిని ఊరికి పంపేసి, దానికి సర్వైలెన్స్ అని పేరు పెట్టడమూ కుదరదు.