మూసీ తీర ప్రణాళిక: హరిత మౌలిక వసతుల దృష్టితో ఒక చారిత్రక పరిశీలన

వాననీటిని కాంక్రీటు కాలువల్లోకి తరిమివేయక చెరువులు, ఉద్యానాలు, వరద మైదానాల ద్వారా నిలిపి, ఇంకించి, నెమ్మదిగా విడుదల చేసే ఏర్పాట్లను నేడు 'హరిత మౌలిక వసతులు' అంటున్నారు. ఈ పేరు వాడుకలోకి రాకముందే హైదరాబాదులో ఇందుకు దగ్గరైన ఆలోచన రూపుదిద్దుకొంది. దాని స్వరూపాన్ని, అది సడలిన క్రమాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

1908 సెప్టెంబరు 28న వచ్చిన మూసీ వరద వేలాది ప్రాణాలను బలిగొంది. నిజాం ప్రభుత్వం ఆహ్వానించగా 1909లో వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య తన పరిశీలనను నగరానికే పరిమితం చేయలేదు. ఎగువ పరీవాహక ప్రాంతంలోని 788 చెరువులలో 221 తెగిపోయాయని గుర్తించారు. గొలుసుకట్టు చెరువులలో ఒకటి తెగితే ఆ నీరంతా దిగువ చెరువు మీద పడుతుంది. అందువల్ల విపత్తుకు కారణం నగరంలో కురిసిన వాన మాత్రమే కాదు.

ఆయన ప్రతిపాదనలలో రెండు అంగాలున్నాయి. మొదటిది, వరదను ఎగువనే ఆపే జలాశయాలు. రెండవది, నగరంలో గట్లను ఎత్తు చేసి, తీరం వెంబడి ఉద్యానాలు, బాటలు ఏర్పరచడం. మూసీపై ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసీపై హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. ఇవి నగరానికి తాగునీటినీ అందించాయి. 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి బోర్డు నగర పునర్నిర్మాణాన్ని చేపట్టింది. ఈ ప్రణాళికలో ఉద్యానం కేవలం అలంకారం కాదని, నది పొంగినప్పుడు పెద్దగా నష్టపోకుండా మునగగల ఖాళీ నేల అని అన్వయించుకోవచ్చు.

తరువాతి కాలంలో ఈ రెండు అంగాలకూ మధ్య సంబంధం సడలింది. నదీగర్భంలోనే మహాత్మాగాంధీ బస్సు ప్రాంగణం వెలిసింది. 2025 సెప్టెంబరులో జలాశయాల గేట్లు ఎత్తినప్పుడు అది నీట మునిగింది. ఎగువన, జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల పరిధిలో నిర్మాణాలను నియంత్రిస్తూ 1996లో జీవో 111 వెలువడింది. 2022లో ఆ ఆంక్షలను సడలిస్తూ జీవో 69 వచ్చింది.

మూసీ సుందరీకరణపై నేడు సాగుతున్న చర్చ ఎక్కువగా తీరం చుట్టూనే తిరుగుతోంది. ఎగువ చెరువులను, వాగులను, పరీవాహక నేలను కాపాడకుండా ఒడ్డున పెంచే పచ్చదనం వరదను ఆపలేదు. విశ్వేశ్వరయ్య ప్రణాళిక నుండి గ్రహించవలసినది ఉద్యానాల నమూనాను కాదు, నదిని ఎగువ నుండి దిగువ దాకా ఒకే వ్యవస్థగా చూసిన దృష్టిని.