తంతి నుండి గేట్‌వే వరకు: గూడూరు మార్గంలో అనుసంధాన నాణ్యత పరిశీలన

సమాచార ప్రసార చరిత్ర మార్గాలు ఎప్పుడు ఏర్పడ్డాయో చెబుతుంది. ఏర్పడిన మార్గం ఎంత నమ్మదగినదిగా నిలిచిందన్న ప్రశ్న మరుగున పడుతుంది. మద్రాసు–విజయవాడ రైలు మార్గం నుండి రేణిగుంట వైపు లైను చీలే గూడూరు జంక్షన్ ఈ ప్రశ్నను పరిశీలించడానికి తగిన స్థలం.

భారతదేశంలో తంతి సేవ 1855లో ప్రజలకు అందుబాటులోకి వచ్చింది. భూమినే తిరుగు మార్గంగా వాడుకొన్న ఒంటి తీగకు స్తంభాలపై ఇన్సులేటర్లే రక్ష. వానలకు అవి తడిస్తే విద్యుత్తు కొంత భూమిలోకి జారిపోయేది; తీగ తెగకపోయినా సంకేతం బలహీనపడేది. ఈశాన్య రుతుపవనాల తాకిడికి లోనయ్యే ఈ తీరప్రాంతంలో అది ఏటేటా ఎదురయ్యే సమస్య. కనుక అవతలికి ఎంత విద్యుత్తు చేరుతున్నదో కొలవవలసి వచ్చింది. భారత తంతి శాఖలో లూయీ ష్వెండ్లర్ రూపొందించిన పరీక్షా సూచనలు 19వ శతాబ్ది ఉత్తరార్ధంలో ఈ పనిని క్రమబద్ధం చేశాయి.

రైల్వేలో ఈ నాణ్యత ప్రాణాలతో ముడిపడినది. పక్క స్టేషను నుండి బ్లాకు పరికరంపై అనుమతి అందనిదే బండి కదలరాదు. సంకేతం రాకపోతే ముందున్న లైను ఖాళీగా లేదనే భావించాలి.

2000లో ఏర్పడిన రైల్‌టెల్ సంస్థ పట్టాల వెంట ఆప్టికల్ ఫైబర్‌ను విస్తరించింది. నేటి వాయిస్ గేట్‌వేలు మాటను ప్యాకెట్లుగా పంపుతాయి. ఎన్ని ప్యాకెట్లు పోయాయో, వాటి రాక వేళల్లో ఎంత హెచ్చుతగ్గులున్నాయో అందుకొన్న గేట్‌వే నివేదిస్తుంది; ఆ నివేదికను బట్టి పంపిన గేట్‌వే రాకపోకల జాప్యాన్ని లెక్కకడుతుంది. 1996లో వెలువడిన ఆర్‌టీసీపీ నియమావళి దీనికి ఆధారం.

2013 జూలైలో ప్రభుత్వ తంతి సేవ ముగిసింది. దాని పరీక్షా సూత్రం మాత్రం నిలిచింది: పంపిన సంకేతం నాణ్యతకు అందుకొన్న చోటే ప్రమాణం.