రెండో ప్రతివాది

మా అమ్మమ్మ పేరు ఇంటిపేరుతో సహా పూర్తిగా రాసి ఉండగా నేను మొదటిసారి చూసింది ఒక కోర్టు తీర్పు నకలులో. అందులో ఆవిడ రెండో ప్రతివాది. మొదటి ప్రతివాది తాతయ్య. పొలం పట్టాల్లో ఎక్కడా కనిపించని ఆ పేరు, మోసం జరిగిందన్న చోట మాత్రం స్పష్టంగా ఉంది.

అమ్మ పోయాక ఆవిడ ట్రంకుపెట్టె అడుగున దొరికిన కాగితాలవి. 1927లో తాతయ్య మూడెకరాలు స్వాధీన తనఖా పెట్టి పన్నెండు వందలు తెచ్చారు. అంటే పొలం షావుకారు చేతికి వెళ్ళింది, వడ్డీ కింద పంట ఆయనే తీసుకునేవాడు. ధరలు పడిపోయిన మాంద్యం రోజుల్లో తాతయ్య ప్రోనోట్ల మీద మరికొన్ని అప్పులు చేశారు. 1933లో, ఆ తనఖా విడిపించుకునే హక్కుని అమ్మమ్మ పేర రిజిస్టరు చేశారు. నలభై తులాల నీ బంగారం వాడుకున్నాను, దాని విలువ ఎనిమిది వందలకు బదులుగా ఈ హక్కు ఇస్తున్నాను, షావుకారు బాకీ నువ్వే తీర్చుకుని పొలం తీసుకో అని ఆ దస్తావేజు సారాంశం. మరుసటి ఏడాదే ప్రోనోట్ల వాళ్ళ తరఫున దావా పడింది.

విడిపించుకునే హక్కు కోసం ఇంత గొడవ ఎందుకు అనిపించవచ్చు. పొలం విలువ పాతిక వందలు, బాకీ పన్నెండు వందలు అయితే మిగిలిన పదమూడు వందలూ ఆ హక్కులోనే ఉన్నాయి. దాన్ని అమ్మవచ్చు, అప్పులవాళ్ళు జప్తు చేయించి వేలం వేయించవచ్చు. ఈ హక్కు కూడా అంత పాతదేం కాదు. ఫలానా గడువులో డబ్బు కట్టకపోతే పొలం అమ్ముడైనట్టే అని రాసుకున్న తనఖాల్లో ఆ షరతే చెల్లుతుందని 1870లో ప్రీవీ కౌన్సిల్ మద్రాసు నుంచి వెళ్ళిన కేసులో తేల్చింది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలోని 60వ సెక్షను వచ్చాకే, గడువు దాటినా డబ్బు కట్టి విడిపించుకునే హక్కు గట్టిపడింది.

అదే చట్టంలోని 53వ సెక్షను కింద, అప్పులవాళ్ళకి అందకుండా చేయాలని ఆస్తిని బదిలీ చేస్తే దాన్ని వాళ్ళు రద్దు చేయించవచ్చు. మంచి మనసుతో, ప్రతిఫలం ఇచ్చి తీసుకున్నవాళ్ళకి మాత్రం రక్షణ ఉంది. దీని మూలం 1571లో ఇంగ్లండులో ఎలిజబెత్ రాణి కాలంలో చేసిన చట్టం. 1601 నాటి ట్వైన్ కేసులో అక్కడి కోర్టు మోసానికి గుర్తులేమిటో లెక్కపెట్టింది. రహస్యంగా రాయడం, ఉన్నదంతా రాసేయడం, రాశాక కూడా పాత యజమానే అనుభవిస్తూ ఉండడం, అలాంటివి. మన కోర్టుల్లో ఈ గుర్తులకు మరొకటి కలిసింది: తీసుకున్నది దగ్గర బంధువు కావడం. భార్య కన్నా దగ్గర బంధువెవరు?

అమ్మమ్మ తరఫు ప్లీడరు వాదన బలమైనదే. అప్పున్నవాడు ఉన్న అప్పులవాళ్ళలో ఒకరికి ముందు తీర్చడం మోసం కాదని 1915లో ప్రీవీ కౌన్సిల్ ముసాహర్ సాహు కేసులో చెప్పింది. భార్య బంగారం వాడుకున్న భర్త ఆమెకి బాకీదారే కదా! అవతలి ప్లీడరు మాత్రం యాజ్ఞవల్క్యుణ్ణి తెచ్చాడు. కరువులోను, ధర్మకార్యానికి, రోగంలోను, నిర్బంధంలోను తీసుకున్న స్త్రీధనాన్ని భర్త తిరిగి ఇవ్వనక్కర్లేదని ఆ స్మృతి అంటుంది. అమ్మమ్మ బంగారం ఖర్చయింది ఆడపడుచు పెళ్ళికి. అది ధర్మకార్యం, కాబట్టి బాకీయే లేదు, బాకీ లేనిచోట ప్రతిఫలమెక్కడిది అని ఆయన వాదన. ఒక ఆడపిల్లని గడప దాటించడానికి ఇంకో ఆడదాని మెడ బోసిపోతే, దాన్ని ఎవరి ఖాతాలోనూ రాయనక్కర్లేదన్నమాట.

న్యాయమూర్తి స్మృతి జోలికి పోలేదు. కంటె, కాసులపేరు, వడ్డాణం అని అమ్మమ్మ ఒక్కొక్కటీ చెప్పినా, అప్పట్లో రాసుకున్న కాగితం లేదన్నారు. దస్తావేజు తరవాత కూడా షావుకారుతో మాట్లాడింది తాతయ్యేనన్నారు. అన్నిటికన్నా ముఖ్యంగా, ప్లీడరు నోటీసు అందిన పదకొండో రోజున ఆ దస్తావేజు పుట్టింది. బదిలీ రద్దయింది.

ఇక్కడిదాకా చదివి నాకు కోపం వచ్చింది. తరవాత వాది ఎవరో చూశాను. 1929 సవరణ తరవాత ఇలాంటి దావా అప్పులవాళ్ళందరి ప్రయోజనం కోసం వేయాలి. అలా అందరి తరఫునా వేసిన మనిషి ఒక వితంతువు. మనోవర్తిలో మిగిల్చుకున్న మూడు వందలు తాతయ్యకి వడ్డీకిచ్చింది. ఆ ప్రోనోటు తప్ప ఆమెకి వేరే ఆధారం లేదని తీర్పులోనే ఉంది. ఆవిడ మోసపోయిందని నేనూ ఒప్పుకోవాలి.

అమ్మమ్మ బాకీ నిజం. కానీ ఆరేళ్ళపాటు గుర్తురాని ఆ బాకీ నోటీసు అందాకే తాతయ్యకి గుర్తొచ్చింది. కోర్టు ఆయన ఉద్దేశాన్ని సరిగ్గానే పట్టుకుంది. ఆ ఉద్దేశాన్ని ఆమెకి కూడా అంటగట్టి, నలభై తులాల్నీ దానితోపాటే కొట్టేసింది. ఇద్దరాడవాళ్ళు కోర్టులో ఎదురెదురుగా నిలబడ్డారు. మధ్యలో ఉన్న అప్పు మాత్రం ఒక మగవాడిది.

స్త్రీధనం పూర్తిగా భార్యదేనని, అది భర్త చేతిలో ఉంటే నమ్మి అప్పగించిన సొత్తేనని 1985లో ప్రతిభారాణి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. సంతోషమే. అయినా ఇవాళ కూడా మనలో ఎంతమందిమి బంగారం ఇచ్చేటప్పుడు ఒక చీటీ రాయించుకుంటున్నాం? అడగడమే అవమానం అనుకునే ఇళ్ళలో పెరిగాం. ఆ మర్యాదే రేపు కోర్టులో 'కాగితం లేదు' అవుతుంది.

తీర్పు నకలు చివర అప్పులవాళ్ళ జాబితా ఉంది. ఏడు పేర్లు, ఎదురుగా అంకెలు. యజమానురాలినని వాదించి ఓడిపోయిన మనిషి కనీసం అప్పిచ్చినదాన్నేనని ఆ వరసలో నిలబడవచ్చని ఎవరికీ తోచినట్టు లేదు, ఆవిడ ప్లీడరుకి కూడా. ఎనిమిదో పేరు లేదు.